తల్లుల మగ్గు

నా రాతలో తప్పులు దొర్లితే మన్నించండి. మా ఆయన పోయాక, అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని. అవి ఇప్పటికీ నాతో దాగుడుమూతలు ఆడుతూనే ఉంటాయి. ఒక పేజీ రాసేలోపు నేనొక వరుస ద్రాక్ష కోసి రాగలను, అంత నెమ్మది. ఇందులో నేనూ ఉన్నాను గానీ కథ నాది కాదు, మీటాది. అందుకే నన్ను కూడా పక్కింటి మనిషిని రాసినట్టే రాశాను. మీటా దీన్ని చదివించుకుని వింది. రెండు చోట్ల "అలా కాదు" అంది. ఆ రెండూ దిద్దాను.

పసిపిల్లలంతా పడుకున్నాక వస్తానంది నర్సమ్మ. క్లిప్‌హూక్ ద్రాక్షతోటలో పిల్లల గది సంగతి తెలిసినవాళ్ళెవరూ అలా అనరు. కోతల రోజుల్లో తల్లులు తెల్లారకుండానే వచ్చి పిల్లల్ని దించి వరుసల్లోకి వెళ్ళిపోతారు. ఒకణ్ణి జోకొడితే ఇంకొకడు లేస్తాడు. వాడి నోట పాలసీసా పెడితే మూడోది పక్క తడిపేస్తుంది. ఫిబ్రవరి ఎండకి పైన రేకులు పెటపెటలాడుతున్నాయి. పిల్లల్ని చూసుకునే మీటా ఒక కాలు చాపి, దాని మీద, కోతకెళ్ళిన లెనా మనవరాలిని బోర్లా వేసుకుని, ఒక చేత్తో వీపు నిమురుతూ రెండో చేత్తో ఈగల్ని తోలుతోంది. నర్సమ్మ ఎదురుగా చాప మీద కూర్చుని బొమ్మలు పరిచింది.

బీరు సీసా. వైను సీసా. వెండిరంగు సంచీలో అమ్మే చవక వైను. చిన్న గ్లాసు, పెద్ద గ్లాసు.

"మీ అబ్బాయి రూబెన్ కడుపులో ఉన్నప్పుడు వీటిలో ఏది తాగేవారో చెప్పండి. వేలితో చూపించినా చాలు," అంది నర్సమ్మ. ఆమె పేరు ఫాతిమా. కేప్‌టౌన్ నుంచి వచ్చే పరిశోధన డాక్టర్లతో తిరుగుతుంది. తలకి చుట్టుకున్న రుమాలు చెమటకి తడిసిపోయింది.

మీటా బొమ్మలన్నీ చూసింది. "శనివారాలు మా ఆయన యాకబ్‌తో కూర్చున్నప్పుడు ఇది," అని వెండి సంచీ మీద వేలు పెట్టింది. "అబద్ధం ఎందుకు? కానీ రోజూ తాగింది ఇందులో లేదు."

"లేదా? పొరుగు తోటల్లో కూలికొచ్చే మగాళ్ళకి రోజూ రేకు డబ్బాతో వైను పోసేవాళ్ళు, అదా?"

"ఇక్కడా పోసేవాళ్ళు. అది మగాళ్ళది. నేను చెప్పేది తల్లుల మగ్గు."

నర్సమ్మ కలం ఆగింది.

"ఎర్రది, పింగాణి పూత మగ్గు. అంచు కొంచెం ఊడిపోయి ఉంటుంది. కడుపుతో ఉన్నామని తెలిసిన రోజునుంచి, పొద్దుటి పని మధ్యలో గంట కొట్టగానే పెద్దదొరసాని వంటింటి వెనక గుమ్మం దగ్గర నిలబడాలి. ఆవిడే తన చేత్తో గుడ్డు కొట్టి, తీపి వైను పోసి, జాజికాయ గీరి ఇచ్చేది. రక్తం పడుతుంది, పాలు పడతాయి అని. ఈ తోటలో పుట్టిన ప్రతి బిడ్డా ఆ మగ్గు మీదే పుట్టింది."

"వద్దని ఎవరూ అనలేదా?"

మీటాకి నవ్వొచ్చింది. "దొరసాని గుమ్మంలో నిలబడి తన చేత్తో కలిపి ఇస్తే వద్దని ఎలా అంటారమ్మా? ఖాళీ మగ్గు చూసిగానీ లోపలికెళ్ళేది కాదావిడ. మాకూ బానే ఉండేది. ఎండలోంచి వచ్చి నీడలో కాసేపు నిలబడొచ్చు. మేం కడుపుతో ఉన్నప్పుడు మాత్రమే ఆవిడ మా ఒంట్లో ఎలా ఉందని అడిగేది."

"అది బిడ్డకి చెరుపు చేస్తుందని అప్పుడు మీకు తెలుసా?"

"తెలీదు." మీటా పసిదాని వీపు మీద చెయ్యి ఆపింది. "బలం అన్నారు. బలమే అనుకున్నా. నాకు తెలీదు."

నర్సమ్మ ఆ మాట రాసుకుంది. తర్వాత కలం పక్కన పెట్టేసి, రూబెన్ గురించి డాక్టర్లు ఏం తేల్చారో చెప్పింది. వాడి తల చుట్టుకొలత వయసుకి తగ్గట్టు లేదు. కళ్ళు చిన్నవి. ముక్కుకీ పైపెదవికీ మధ్య గాడి లేకుండా నున్నగా ఉంది. అవి పైకి కనిపించేవి మాత్రమే. అసలు దెబ్బ తగిలింది లోపల, మెదడుకి. వాడు లెక్క నేర్చుకుని మర్నాటికి మర్చిపోవడం పెంకితనం కాదు. చెప్పిన మూడు పనుల్లో ఒక్కటే చేసి రావడం బద్ధకం కాదు. ఒక్కొక్కటిగా చెప్పాలి. చెప్పిందే మళ్ళీ చెప్పాలి. కొడితే లాభం లేదు.

"నేనెప్పుడూ కొట్టలేదు. టీచరే కొట్టింది," అంది మీటా. మళ్ళీ తనే అడిగింది. "మా హెస్టర్ కడుపులో ఉన్నప్పుడూ అదే మగ్గు. అదేమో క్లాసులో ఫస్టు వస్తోంది. మరి వీడికెందుకిలా?"

"ఒక్కో బిడ్డకి ఒక్కోలా అవుతోంది. ఎందుకో మాకూ పూర్తిగా తెలీదు. అందుకే ఇలా ఇల్లిల్లూ తిరుగుతున్నాం." నర్సమ్మ బొమ్మలు సర్దుకుంటూ లేచింది. "మీరు చెప్పింది ఎవరికీ చెప్పను. శుక్రవారం మళ్ళీ వస్తాను. బడికి వెళ్ళి టీచర్‌తో నేను మాట్లాడతాను."

ఆమె మాట మీద నిలబడే మనిషే. కానీ డాక్టర్లు తేడా ఉందని తేల్చిన బిడ్డ తల్లి దగ్గరికే ఆమె రెండోసారి వస్తుంది; ఆమె తెల్ల కారు ఎవరికోసం మళ్ళీ ఆగిందో తోటంతా చూసింది. దొరగారి బంగళా అరుగు మీంచి కూడా అది బాగానే కనిపిస్తుంది.

మర్నాడు పొద్దున్నే పెద్దదొరసాని కోడలు, చిన్నదొరసాని హానెలి, పిల్లల గదికి వచ్చింది. అయిదో నెల. ఒక చెయ్యి నడుము మీద, రెండో చేతిలో చుట్టిన కాగితం. ఆమె ఈ ప్రాంతం పిల్ల కాదు. ఉత్తరాన గొర్రెల సీమలో ఒక పాస్టరుగారి కూతురు. వాళ్ళింట్లో వైను సీసా అనేది గుమ్మం తొక్కలేదట. దేశంలో నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ అందరూ కలిసి ఓట్లేసి అయిదేళ్ళయింది, ఈ తోటలో ఇంకా పాత పద్ధతులేమిటని మొగుడితో పోట్లాడి, మగాళ్ళకి డబ్బాతో పోయడం మానిపించింది ఆమే. ఈ పిల్లల గది కట్టించిందీ ఆమే. అందుకే మీటాకి ఆమె అంటే గౌరవం ఉండేది.

హానెలి కాగితం విప్పి గోడకి అంటించింది. పెద్ద కడుపుతో తల వంచుకున్న ఆడమనిషి బొమ్మ. కడుపులో సీసా, సీసాలో బిడ్డ.

"డాక్టర్లు పంపించారు," అంది. తర్వాత మీటా వైపు చూడకుండానే, "మీటా, రేపట్నుంచి నువ్వు వంటింట్లో సాయం చేద్దువుగాని. కోతలు కదా, అక్కడ పని ఎక్కువగా ఉంది."

మీటా చేతిలో గరిటె ఆగింది. పిల్లలకి గంజి చల్లారబెడుతోంది. "ఇక్కడెవరుంటారమ్మగారూ?"

"ఎవరో ఒకర్ని చూస్తాను. ఇది శిక్ష కాదు, అలా అనుకోకు."

"మరేంటి?"

హానెలి మొహం ఎర్రబడింది. "తల్లులకి నమ్మకం ఉండాలి కదా మీటా. పసిపిల్లలు. నీ తప్పని నేననడం లేదు. కానీ ఒక బిడ్డ విషయంలో అలా జరిగాక..."

"ఏ తల్లులడిగారు?"

హానెలి చేతులు చాచింది. మీటా చంకలో ఉన్న లెనా మనవరాలిని తీసుకోబోయింది. పిల్ల మీటా జాకెట్టు గుప్పెట పట్టుకుని కెవ్వుమంది. హానెలి ఆ చిన్న వేళ్ళు ఒక్కొక్కటిగా విప్పింది. ఆమె పోయినేడు ఒక బిడ్డని పోగొట్టుకుంది. పిల్లని ఎత్తుకున్న తీరులోనే తెలిసిపోతుంది, చేతులు ఎంత కరువుతో ఉన్నాయో. మీటాకి అది కనబడింది. కనబడినందుకు కోపం ఇంకా పెరిగింది. జాలిపడడానికి కూడా తీరిక ఇవ్వని కోపం.

వెళ్ళేముందు మీటా గోడ మీది బొమ్మని మళ్ళీ చూసింది. ఆడమనిషి ఉంది, సీసా ఉంది, బిడ్డ ఉంది. పోసే చెయ్యి మాత్రం ఎక్కడా లేదు.

సాయంత్రం కొళాయి దగ్గర లెనా బకెట్టు కింద పడేసింది.

"నన్నడిగిందా? మనవరాలు నాది. దాన్ని నీ దగ్గర వదలడానికి నాకు నమ్మకం లేదని ఆవిడకెవరు చెప్పారే? నిన్న ఆ పిల్లకి జ్వరమొస్తే రాత్రంతా భుజాన వేసుకున్నది ఎవరు? ఈవిడా?"

"అయితే వెళ్ళి చెప్పు అత్తా."

లెనా కొళాయి తిప్పింది. నీళ్ళు బకెట్టులో పడుతున్న చప్పుడు పెద్దగా వినిపించింది.

"చెప్పు. అరుగు దాకా నేనూ వస్తా," అంది మీటా.

"నీకేం, నువ్వు చిన్నదానివి," అంది లెనా చివరికి. "నాకు మోకాళ్ళు పోయాయి. ఈ కోతలయ్యాక ఇంట్లో ఉండనిస్తారో లేదో తెలీదు. ఇల్లు వాళ్ళదే కదా."

"మరి ఇక్కడెందుకు అరుస్తావు? కొళాయి వింటుందనా?"

లెనా కొళాయి కట్టేసింది. ఆమె ఇద్దరు పిల్లలూ ఆ మగ్గు మీద పుట్టినవాళ్ళే. ఒకడు ఇరవై ఏళ్ళకి కూడా చొక్కా గుండీలు సరిగ్గా పెట్టుకోలేడు. వాణ్ణి అందరూ తిక్కోడనేవారు. ఆ మధ్యాహ్నమే, గోడ మీది బొమ్మ చూశాక, లెనాకి మొదటిసారి అనుమానమొచ్చింది, వాడు తిక్కోడు కాదేమోనని. ఆ మాట ఎవరితోనూ అనలేకపోయింది. బకెట్టు ఎత్తుకుని, సగం నీళ్ళు కాళ్ళమీద పోసుకుంటూ వెళ్ళిపోయింది.

బంగళా వంటింట్లో పని మీటాకి కొత్తేం కాదు. కోతలవాళ్ళకి పెద్ద కుండలో గొర్రెమాంసం, చిక్కుళ్ళు ఉడుకుతున్నాయి. ఆమె ఉల్లిపాయలు తరుగుతూ తల వంచుకునే ఉంది. తల ఎత్తితే ఏదో ఒకటి అనేస్తుంది. కత్తి మాత్రం చెక్కమీద గట్టిగానే పడుతోంది.

"చెక్కని ఏం చెయ్యదల్చుకున్నావే, రెండు ముక్కలా?" పెద్దదొరసాని లోపలికొచ్చింది. డెబ్బై దాటినా నిటారుగా నడుస్తుంది. మీటాని వంటింట్లో చూసి సంతోషించింది కూడా. "ఆ పిల్లల కంపులోంచి బయటపడ్డావు, మంచిదేలే. మీవాడెలా ఉన్నాడు?"

"ఉన్నాడమ్మగారూ."

"డాక్టర్లట, మొహాలు కొలుస్తున్నారట. స్కేలు పెట్టి పిల్లల మొహాలు కొలిస్తే రోగాలు తెలుస్తాయా? దేవుడి పని." ఆవిడ గిన్నెలో గుడ్డు కొట్టింది. ఫోర్కుతో నురగొచ్చేదాకా గిలక్కొట్టింది. మణికట్టు ఇంకా అంతే వేగం. కొంచెం పాలు పోసింది. బీరువా అడుగు అరలోంచి రాతిజాడీ తీసి, మూత తిప్పి వంచింది. చిక్కగా, బంగారు రంగులో ధార. చివర్లో జాజికాయ గీరింది.

కుండలో ఉడుకుతున్న మాంసం వాసన, ఉల్లిపాయల ఘాటు, అన్నిటి మధ్యలోంచి ఆ వాసన నేరుగా వచ్చి మీటా గొంతులో కూర్చుంది. ఎండ, గుమ్మం, నీడ, ఖాళీ మగ్గు కోసం చాచిన తెల్లటి చెయ్యి, అన్నీ ఒక్కసారిగా వచ్చాయి. రూబెన్ పాలు మానిన ఏడాది, చర్చిలో చెయ్యెత్తి ప్రమాణం చేసి, తాగుడు మానేసింది తను. ఆ తర్వాత ఒక్క చుక్క నోట పెట్టలేదు. నోట్లో నీళ్ళూరాయి. తన నోటి మీద తనకే కోపమొచ్చింది.

పెద్దదొరసాని ఆ గుడ్డుపాలు ఎర్ర మగ్గులో పోసింది. అదే మగ్గు. అంచు ఊడినచోట నల్లటి మచ్చ కూడా అదే.

"తీసుకెళ్ళి చిన్నదొరసానికియ్యి. అరుగు మీద ఉంది. ద్రాక్ష పాకం వేసి చేశానని చెప్పానులే. వైనంటే ఆ పాస్టరు కూతురు ముట్టుకుంటుందా?" ఆవిడ ముసిముసిగా నవ్వింది. "మూడో నెలనుంచీ ఇస్తున్నా. పోయినసారి నా మాట వినకుండా పోగొట్టుకుంది. ఈసారి నేనూరుకోను. నా ముగ్గురు కొడుకులూ దీనిమీదే పుట్టారు. తలుపుల్లా దిట్టంగా ఉన్నారు ఒక్కొక్కడూ."

మీటా మగ్గు పళ్ళెంలో పెట్టుకుంది. వంటింటి నుంచి అరుగు దాకా చల్లటి నడవా. ఆ నడవాలో ఆమె కాళ్ళు రెండుసార్లు నెమ్మదించాయి.

హానెలి వాలుకుర్చీలో కూర్చుని ఉంది. "థాంక్స్ మీటా," అంది. కళ్ళలోకి చూడలేదు. మగ్గు తీసుకుని నిదానంగా తాగింది. పెదవి మీద నురగ అంటుకుంది. నాలికతో తుడుచుకుంది. మీటా పళ్ళెం రొమ్ముకి ఆనించి నిలబడి చూసింది, చివరి గుక్క దాకా. ఇందులో ఏముందో తెలుసా అని తనని ఎవరూ అడగలేదు. అడగనివాళ్ళకి ఎందుకు చెప్పాలి? నా చంకలోంచి పిల్లని వేలు వేలూ విప్పి తీసుకున్నావు కదా, తాగు, అనుకుంది.

ఖాళీ మగ్గు పళ్ళెంలో పెట్టుకుని వెనక్కి వచ్చింది. కడిగింది. కడిగిన మగ్గునే మళ్ళీ కడిగింది.

పొద్దు వాలాక గుమ్మం ముందు రూబెన్‌ని బల్ల మీద కూర్చోబెట్టి కాళ్ళు కడుగుతోంది. వాడు చెప్పులు వేసుకోవడం మర్చిపోయి రోజంతా ఉత్తకాళ్ళతో తిరిగాడు. మడమలకి ముళ్ళు.

"ఆ డాక్టరు మళ్ళీ ఎప్పుడొస్తాడమ్మా?"

"ఎందుకురా?"

"నా ముక్కు కొలిచాడుగా. నేనాయన్ని వాటేసుకున్నా. ఆయన సబ్బు వాసనొచ్చాడు." వాడు ఎవరినైనా వాటేసుకుంటాడు. దారిన పోయే ట్రాక్టరు డ్రైవర్ని కూడా. "మంచివాడమ్మా. నేను బావున్నానన్నాడు."

"బావున్నావు. కాలు ఇటు పెట్టు."

"ఏ కాలు?"

"ముల్లున్న కాలు."

"రెండిట్లోనూ ఉంది," అని పకపకా నవ్వాడు. మీటా కూడా నవ్వింది. సూదితో ముల్లు తీస్తుంటే వాడు ఊపిరి బిగబట్టి ఆమె జుట్టు పట్టుకున్నాడు. అంత నొప్పిలోనూ కాలు లాక్కోలేదు. అమ్మ తీస్తోంది కాబట్టి నొప్పయినా మంచికేనని వాడి నమ్మకం. గుమ్మంలో నిలబడి మగ్గు అందుకున్నప్పుడు తనకున్న నమ్మకం లాంటిదే.

సూది ఆగిపోయింది.

"అయిపోయిందా?" అన్నాడు రూబెన్.

"ఇంకోటుంది," అంది మీటా.

హానెలి కడుపులో ఉన్నవాడికి తన మీద ఏ పగా లేదు. వాడు తనని పిల్లల గదిలోంచి పంపించలేదు, గోడకి బొమ్మ అంటించలేదు. వాడు కూడా రేపు లెక్క నేర్చుకుని మర్చిపోతే, వాడి తాత తరాల ఆస్తి వాడికి గుండీలు పెట్టదు. అలాగని కోపం తగ్గిందా అంటే, లేదు. ఇప్పుడు దానికి ఒక దారి దొరికింది, అంతే.

మర్నాడు శుక్రవారం. పెద్దదొరసాని గుడ్డు కొట్టింది, పాలు పోసింది, జాడీ వంచింది. మీటా మారుమాట్లాడకుండా మగ్గు పళ్ళెంలో పెట్టుకుని నడవా దాటింది. ఈసారి కాళ్ళు నెమ్మదించలేదు.

హానెలి చెయ్యి చాచింది. మీటా మగ్గు ఇవ్వలేదు.

"ఇది తాగకండి అమ్మగారూ."

"ఏం? గుడ్డు పాడైందా?"

"ఇందులో వైనుంది."

హానెలి నవ్వబోయింది. "ద్రాక్ష పాకం మీటా. అత్తయ్య చెప్పారు. ఉడికించిన రసం, అంతే."

"పాకం కాదు. జాడీలో తీపి వైను. ఇంట్లో సీసా చూడకుండా పెరిగారు కాబట్టి మీకు రుచి తెలీలేదు."

"నీకెలా తెలుసు?" హానెలి గొంతు మారింది. కుర్చీలో ముందుకు జరిగి మీటా మొహంలోకి చూసింది. ఆ ఎంక్వయిరీ చూపు మీటాకి బాగా తెలుసు. "తాగి చూశావా?"

మీటా పళ్ళెం ఒక్క కుదుపుతో వెనక్కి లాక్కుంది. మగ్గులోంచి కొంచెం పాలు ఒలికి పళ్ళెంలో పడ్డాయి.

"లేదు," అంది. గొంతు పైకి రాకుండా పళ్ళ మధ్యనుంచి చెప్పింది. "నోట పెట్టి ఆరేళ్ళయింది. ఈ వాసన మర్చిపోడానికి అరవై ఏళ్ళు కూడా చాలవమ్మగారూ. నిన్న కూడా ఇదే. నిన్న నేను చెప్పలేదు, మీ మీద కోపంతో. ఇవాళా కోపంగానే ఉంది. అయినా చెప్తున్నా."

మగ్గు ఎత్తి, అరుగు పక్కనున్న పూలకుండీలో వంచేసింది. నురగ మట్టిలోకి ఇంకిపోతూ బుడగలేసింది. జాజికాయ వాసన గుప్పుమంది.

"ఏం చేస్తున్నావే!" పెద్దదొరసాని నడవాలోంచి వచ్చింది. "బుద్ధుందా? గుడ్డు పెట్టి చేసింది మట్టిలో పోస్తావా?"

"అత్తయ్యా," హానెలి మెల్లగా లేచి నిలబడింది. "అందులో వైనుందా?"

మీటా అనుకుంది, ఆవిడ కాదంటుందని. కాదంటే తన మాట ఎవరు నమ్ముతారు? ఉద్యోగం, ఇల్లు, యాకబ్ ట్రాక్టరు పని, అన్నీ ఆ ఒక్క జవాబులో వేలాడుతున్నాయి.

పెద్దదొరసానికి దాచాలన్న ఆలోచనే రాలేదు.

"ఉంది. లేకపోతే రక్తం ఎలా పడుతుంది?" అంది తేలిగ్గా. "అది తాగుడు కాదమ్మా, మందు. సంచీల్లో కొనుక్కుని రోడ్లమీద పడి తాగే వైనూ నేను కలిపిచ్చేదీ ఒకటేనా? నలభై ఏళ్ళుగా ఇస్తున్నాను. ఈ తోటలో ఏ ఆడదైనా నా చేతి మగ్గు తాగకుండా కన్నదా? లెనాకిచ్చాను. దీనికిచ్చాను, రెండు కాన్పులకీ. ఒక్క రోజు కూడా తప్పలేదు. కావాలంటే అడుగు. చెప్పవే మీటా, ఇచ్చానా లేదా?"

"ఇచ్చారమ్మగారూ," అంది మీటా. "ఖాళీ మగ్గు చూసేదాకా నిలబడి ఇచ్చారు."

"చూశావా?" అంది ముసలావిడ, కోడలి వైపు తిరిగి గెలిచినట్టు.

 దూరంగా వరుసల్లోంచి కోతలవాళ్ళ కేకలు, ట్రాక్టరు మోత. హానెలి మొహంలోంచి రంగు దిగిపోతుంటే మీటా చూసింది. పెద్దదొరసాని మాత్రం వాళ్ళిద్దరినీ మార్చి మార్చి చూసి, తన చేతులు చూసుకుంది. తర్వాత ఏదో అడగబోయి, అడక్కుండానే, నడవా గోడ పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆవిడ గోడ పట్టుకుని నడవడం మీటా ఎప్పుడూ చూడలేదు.

హానెలి కుర్చీలో కూలబడింది. రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుంది.

"మూడో నెలనుంచి," అంది. "రోజూ. నాకు తెలీదు మీటా. దేవుడి తోడు, నాకు తెలీదు."

"నేనూ ఆ నర్సమ్మకి అదే చెప్పాను అమ్మగారూ."

హానెలి తలెత్తింది. ఈసారి కళ్ళలోకే చూసింది. చాలాసేపు చూసింది.  క్షమించమన్న మాట కోసం మీటా ఎదురుచూడలేదు.

"వీడికి కూడా..." హానెలి చివరికి గుసగుసలాడింది. "రూబెన్‌లా..."

 రూబెన్‌లా అంటే చచ్చిపోవడం కాదని మీటాకి అరవాలనిపించింది. అరవలేదు.

"మా హెస్టర్ కూడా ఈ మగ్గు మీదే పుట్టింది. దానికేమీ లేదు. ఎవరికి అవుతుందో ఎవరికి అవదో డాక్టర్లకే తెలీదట. ఇవాళ మానేస్తే ఇవాళే మేలు. నర్సమ్మ మధ్యాహ్నం వస్తుంది. వెళ్ళి చెప్పుకోండి. తిట్టదు."

ఆమె వంటింట్లోకి వెళ్ళి ఎర్ర మగ్గు కడిగింది. గుడ్డతో తుడిచి, అంచు ఊడినచోట కూడా పొడిగా తుడిచి, మళ్ళీ అరుగు మీదికి వచ్చింది. హానెలి పక్కన బల్ల మీద పెట్టింది.

"ఏది తాగారో చూపించమని బొమ్మలు పరుస్తుందామె. వాటిలో ఇది లేదు. వెళ్ళేటప్పుడు పట్టుకెళ్ళండి. చూపించండి."

తర్వాత గుమ్మం పక్క మేకుకి వేలాడుతున్న పిల్లల గది తాళంచెవి తీసుకుంది. తీసుకోనా అని అడగలేదు. హానెలి ఆపలేదు. వంటింటి ఆప్రాన్ విప్పి మడిచి కుర్చీ వీపు మీద వేసి, మెట్లు దిగి, ఎండలో నడుచుకుంటూ వెళ్ళిపోయింది.

పిల్లల గది ముందు లెనా నిలబడి ఉంది, చేతిలో ద్రాక్ష కత్తెరతోనే. మేస్త్రీని అడక్కుండా వరుస వదిలి వచ్చింది. లోపల మీటా బదులు కొత్తగా పనికి పెట్టిన అమ్మాయి ఎవరినీ ఊరుకోబెట్టలేక తనే ఏడుస్తోంది. ఆ ఏడుపులు వరుసల దాకా వినిపించాయి.

"నేను అరుగు దాకా వెళ్దామనే వచ్చానే," అంది లెనా. "నిజంగానే. ఇక్కడిదాకా వచ్చి కాళ్ళు ఆగిపోయాయి."

మీటా ఆమెని ఒక చూపు చూసింది. అందులో క్షమించడం ఏమీ లేదు. "కత్తెర పక్కన పెట్టి నీ మనవరాల్ని ఎత్తుకో అత్తా. తర్వాత మీ పెద్దాణ్ణి తీసుకురా. మధ్యాహ్నం నర్సమ్మ వస్తుంది, వాణ్ణి కూడా చూస్తుంది."

లోపలికెళ్ళి, గోడ మీది బొమ్మ ముందు ఒక నిమిషం నిలబడింది. చింపలేదు. బల్ల మీదున్న పిల్లల రంగుపెన్సిళ్ళలోంచి ఎర్రది ఏరి, ఆ ఆడమనిషి పక్కన, ఖాళీగా ఉన్న చోట, ఒక చెయ్యి గీసింది. ఆ చేతిలో ఒక మగ్గు. బొమ్మలేయడం రాని మనిషి గీసిన చెయ్యి, వేళ్ళు మరీ లావుగా వచ్చాయి. కానీ అది ఏమిటో ఆ తోటలో చదువు రానివాళ్ళకి కూడా అర్థమైంది.

తర్వాత కళ్ళు నులుముకుంటూ ఏడుస్తున్నవాళ్ళలో అందరికన్నా గట్టిగా ఏడుస్తున్నవాణ్ణి ఎత్తుకుంది.

లెనా కుపిడో, డెబ్బై మూడేళ్ళు. ఇప్పుడు తోటలో కాదు, ఊస్టర్ పట్నంలో, మా పెద్దాడితో కలిసి ఉంటున్నాను. వాడి చొక్కా గుండీలు రోజూ పొద్దున్న నేనే పెడతాను.